టికెట్ కొన్నవాడి కోసం గొడవపడిన మనిషి: బిల్ గ్రాహం

కాలిఫోర్నియాలో మౌంటెన్ వ్యూ, సన్నీవేల్ వైపు ఉద్యోగాలు చేసుకునే మనవాళ్లలో షోర్‌లైన్ ఆంఫీథియేటర్ తెలియనివాళ్లు తక్కువ. లోపలికి వెళ్లకపోయినా, కచేరీ ఉన్న సాయంత్రం ఆ ట్రాఫిక్‌లో ఇరుక్కునైనా ఉంటారు. అక్కణ్నించి శాన్ ఫ్రాన్సిస్కో వెళ్తే సిటీ హాల్ దగ్గర ఒక పెద్ద పాత భవనం కనిపిస్తుంది, పేరు బిల్ గ్రాహం సివిక్ ఆడిటోరియం. షోర్‌లైన్ 1986లో మొదలైంది కూడా ఈ గ్రాహం చేతుల మీదుగానే. ఎవరీయన అని మన వాళ్లని అడిగితే, ఎవరో పాత మేయరో, డబ్బులిచ్చిన పెద్దమనిషో అయ్యుంటాడులే అంటారు. కాదు. కచేరీలు పెట్టించడమే ఆయన పని. ఇప్పుడు మనం రాక్ షో అంటే మంచి సౌండ్, లైట్లు, టైముకి మొదలవడం, సెక్యూరిటీ అని ఏవేవి ఊహించుకుంటామో వాటిని ఒక పద్ధతిలో పెట్టినవాళ్లలో ముందు చెప్పాల్సిన పేరు ఆయనదే.

నేను ఇక్కడ పండగ ప్రోగ్రాములకి స్టేజి వెనకాల పని చేస్తుంటాను. మైకులు చూడటం, ఎవరి తర్వాత ఎవరో పిలవడం, చీఫ్ గెస్టు గారు ఇంకా రాలేదని ప్రోగ్రాం ఆపమంటే సర్దిచెప్పడం. నాలుగింటికి అని కార్డులో వేసి ఆరున్నరకి మొదలుపెట్టి, చంటిపిల్లలతో వచ్చి కూర్చున్నవాళ్లకి కనీసం ఒక మాట కూడా చెప్పని ప్రోగ్రాములు చూశాను. ఆ కోపం నాలో ఉంది కాబట్టే గ్రాహం గురించి చదివినప్పుడల్లా ఈ మనిషి నా మనిషి అనిపిస్తుంది. ఇది రాయడానికి అసలు కారణం అదే.

బిల్ గ్రాహం అన్నది పుట్టినప్పటి పేరు కాదు. 1931 జనవరి 8న బెర్లిన్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు, ఇంటిపేరు గ్రాయోంకా. ఐదుగురు ఆడపిల్లల తర్వాత పుట్టిన ఒక్కగానొక్క మగపిల్లాడు. పుట్టిన కొద్దిరోజులకే తండ్రి పోయాడు. తల్లి పనికి వెళ్తే తప్ప ఇల్లు గడవదు, అందుకని చిన్నవాణ్నీ, పైన పుట్టిన అక్క టోలానీ అనాథాశ్రమంలో పెట్టింది. 1939లో ఆ ఆశ్రమం నుంచి కొంతమంది పిల్లల్ని ఫ్రాన్స్ పంపారు, అందులో వీళ్లిద్దరూ ఉన్నారు. మరుసటి ఏడాది జర్మన్ సైన్యం ఫ్రాన్స్‌లోకి దిగింది. పిల్లలు మళ్లీ దక్షిణానికి పరుగు. ఆ దారిలోనే టోలా జబ్బుచేసి చనిపోయింది. పిల్లాడు స్పెయిన్, పోర్చుగల్ దాటి, ఆఫ్రికా తీరం చుట్టి, ఓడలో 1941 సెప్టెంబరులో న్యూయార్క్ చేరాడు. అప్పటికి పదేళ్లు. తల్లిని నాజీలు చంపేశారు. ఇంకో అక్క ఎస్తేర్ నాజీల మరణశిబిరం ఆష్విట్జ్‌ నుంచి ప్రాణాలతో బయటపడింది.

న్యూయార్క్ దగ్గర ప్లెజంట్‌విల్ అనే ఊళ్లో ఆ పిల్లల్ని ఉంచారు. శని ఆదివారాల్లో దంపతులు వచ్చి, చూసి, తమకి నచ్చిన పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు. వారాలు గడిచినా ఈ పిల్లాణ్ని ఎవరూ తీసుకెళ్లలేదు. చివరికి బ్రాంక్స్‌లో ఉండే ఒక కుటుంబం తీసుకెళ్లింది. బళ్లో జర్మన్ యాస విని తోటిపిల్లలు నాజీ, నాజీ అని కొట్టేవాళ్లు. నాజీల వల్ల ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న పిల్లాణ్ని! యాస పోయేదాకా కూర్చుని ఇంగ్లిషు సాధన చేశాడు. తర్వాత టెలిఫోన్ డైరెక్టరీలో తన ఇంటిపేరుకి దగ్గరగా ఉన్న పేరు వెతుక్కుని గ్రాహం అయ్యాడు.

కొరియా యుద్ధానికి వెళ్లాడు, రెండు పతకాలతో తిరిగొచ్చాడు. కానీ కచేరీల విషయంలో ఆయన అసలు చదువు జరిగింది మాత్రం క్యాట్‌స్కిల్ కొండల్లోని రిసార్టు హోటళ్లలో అని నా నమ్మకం. న్యూయార్క్ యూదు కుటుంబాలు వేసవికి అక్కడికి వెళ్లేవి. గ్రాహం అక్కడ వెయిటరుగా చేరాడు, సర్వర్ల మీద పెద్దగా ఎదిగాడు, రాత్రిళ్లు పేకాట నడిపించాడు, న్యూయార్క్ వస్తే మాంబో డాన్సులకి పోయేవాడు. వందలమంది ఒకేసారి ఆకలితో వచ్చి కూర్చుంటే ఎవరికీ ఆలస్యం కాకుండా, వేడి చల్లారకుండా వడ్డించడం అంటే ఏమిటో పెళ్లి భోజనాలు చూసుకున్నవాళ్లని అడగండి, చెప్తారు. ఆయన తర్వాత పాతికేళ్ల పైన చేసింది అదే పని, కాకపోతే వడ్డించింది సంగీతం.

నటుడవ్వాలని చాలా తిరిగాడు, కుదరలేదు. 1960ల మొదట్లో అక్క రీటా ఉందని శాన్ ఫ్రాన్సిస్కో వచ్చి, ట్రాక్టర్లూ యంత్రాలూ చేసే ఆలిస్-చామర్స్ కంపెనీలో ఆఫీసు మేనేజరు అయ్యాడు. మంచి జీతం. దాన్ని వదిలేసి పార్కుల్లో ఉచితంగా నాటకాలాడే శాన్ ఫ్రాన్సిస్కో మైమ్ ట్రూప్‌కి మేనేజరుగా వెళ్లాడు. ముప్పై దాటిన మనిషి చేసే పనేనా అని అనుకుని ఉంటారు చుట్టూ ఉన్నవాళ్లు.

1965 ఆగస్టులో అనుమతి లేకుండా పార్కులో నాటకం ఆడినందుకు ట్రూప్ దర్శకుణ్ని పోలీసులు అరెస్టు చేశారు. కోర్టు ఖర్చులకి డబ్బు కావాలి. నవంబరు 6న హోవార్డ్ స్ట్రీట్‌లో ట్రూప్ వాడుకునే మేడగదిలో గ్రాహం ఒక సహాయ ప్రదర్శన పెట్టాడు. జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్, ఫగ్స్ బృందాలు, కవి అలెన్ గిన్స్‌బర్గ్ వచ్చారు. లోపల పట్టేవాళ్ల కంటే వీధిలో నిలబడ్డవాళ్లే ఎక్కువ. ఆ రాత్రి ఆయనకి అర్థమైంది: ఈ సంగీతానికి జనం ఉన్నారు, వాళ్లు కూర్చునే చోటే లేదు. డిసెంబరులో రెండోది పెట్టినప్పుడు పెద్ద హాలు వెతుక్కున్నాడు. అదే ఫిల్మోర్, గేరీ వీధుల మూలనున్న ఫిల్మోర్ ఆడిటోరియం.

ఇక్కడ చార్లెస్ సలివన్ పేరు చెప్పకుండా ముందుకెళ్తే అన్యాయం. ఆ హాలు లీజు, నాట్యశాల పర్మిట్టు ఈ నల్లజాతి వ్యాపారి చేతిలో ఉండేవి. సోల్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ లాంటివాళ్లని ఆ హాలుకి తెచ్చింది ఆయనే. 1966లో గ్రాహం సొంతంగా పర్మిట్టుకి పెట్టుకుంటే నగరం ఇవ్వలేదు, ఇరుగుపొరుగు వద్దన్నారు, పక్కనున్న యూదుల ప్రార్థనా మందిరం వాళ్లూ ఫిర్యాదు చేశారు. ఆ రోజుల్లో సలివన్ తన పర్మిట్టు మీద షోలు జరుపుకోనిచ్చాడు. ఆయన కాదంటే ఫిల్మోర్ లేదు. చివరికి స్థానిక పత్రిక గ్రాహం వైపు సంపాదకీయం రాసింది, పర్మిట్టు వచ్చింది. ఆ 1966 ఆగస్టులోనే సలివన్‌ని ఎవరో కాల్చి చంపారు. రాక్ చరిత్ర గురించి వచ్చే రాతల్లో ఆయనకి ఒక వాక్యం దక్కితే గొప్ప, నాకది చాలా బాధగా ఉంటుంది.

అప్పట్లో ఇదే పని చేస్తున్న ఇంకో మనిషి చెట్ హెల్మ్స్, ఫ్యామిలీ డాగ్ అనే బృందం తరఫున. హిప్పీలకి ఆయనంటే ప్రాణం, గ్రాహం అంటే డబ్బు మనిషి అని చిన్నచూపు. పాల్ బటర్‌ఫీల్డ్ బ్లూస్ బ్యాండ్‌ని హెల్మ్స్ వాళ్లు ఫిల్మోర్‌కి తెస్తే హాలు కిక్కిరిసిపోయింది. మర్నాడు తెల్లవారుజామునే గ్రాహం లేచి, న్యూయార్క్‌లో ఆఫీసులు తెరిచే టైముకి బ్యాండ్ మేనేజరుకి ఫోన్ కొట్టి, శాన్ ఫ్రాన్సిస్కోలో వాళ్ల తర్వాతి షోలన్నీ తన పేర బుక్ చేసేసుకున్నాడు. హెల్మ్స్ వచ్చి ఇదేం పని అని అడిగితే, నేను పొద్దున్నే లేస్తాను అన్నట్టు జవాబిచ్చాడట. మోసం అనేవాళ్లున్నారు. నాకైతే ఇద్దరి మీదా గౌరవం ఉంది, కానీ బ్యాండ్‌కి ఇస్తానన్న డబ్బు ఇచ్చి, హాలు అద్దె కట్టి, మళ్లీ వారం కూడా తలుపులు తెరవగలిగింది గ్రాహమే.

ఇప్పటికీ ఫిల్మోర్‌కి వెళ్తే మెట్లెక్కగానే ఒక తొట్టెలో ఎర్రని ఆపిల్ పళ్లు ఉంటాయి, కావాలంటే తీసుకోవచ్చు. గుమ్మంలో ఒకరు నిలబడి రండి రండి అని పలకరిస్తారు. పైన వరసగా షాండిలియర్లు, మేడ మీద గోడల నిండా పాత పోస్టర్లు. టికెట్లన్నీ అమ్ముడైన రాత్రి వెళ్లేటప్పుడు చేతికో పోస్టరు ఇస్తారు. ఈ అలవాట్లన్నీ గ్రాహం పెట్టినవే. ఆ పోస్టర్లని వెస్ విల్సన్, గ్రాహం భార్య బానీ మెక్లీన్ లాంటివాళ్లు గీశారు. అక్షరాలు మంటల్లా మెలికలు తిరిగి ఉంటాయి, దగ్గరికెళ్లి నిలబడితే తప్ప ఏ బ్యాండో తెలియదు. స్తంభాల మీద అతికిస్తే జనం గోకి ఇళ్లకి పట్టుకుపోయేవాళ్లు. ఇప్పుడవి మ్యూజియాల్లో ఉన్నాయి.

పాటల ఎంపికలో ఆయన చేసింది నాకు ఇంకా ఇష్టం. రాక్ వినడానికి వచ్చిన కుర్రాడికి అదే టికెట్ మీద బ్లూస్, జాజ్, సోల్ వినిపించాడు. సోల్ గాయకుడు ఓటిస్ రెడింగ్‌ని ఒప్పించడానికి జార్జియా దాకా వెళ్లాడు. 1966 డిసెంబరులో మూడు రాత్రులు ఆయన పాడితే, ఊళ్లోని బ్యాండ్లన్నీ ముందు పాడే అవకాశం మాకివ్వమని ఎగబడ్డాయి. గాయని జానిస్ జాప్లిన్ స్టేజి ముందు చోటు కోసం ఎంతో ముందే వచ్చి కూర్చునేది. తాను పెట్టిన కచేరీలన్నింటిలో అదే గొప్పదని గ్రాహం చివరిదాకా అనేవాడు. 1967లో బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ వచ్చినప్పుడు, బయట వరసలో అంతా జుట్టు పెంచిన తెల్ల కుర్రాళ్లే కనబడేసరికి తప్పు చోటుకి వచ్చామేమో అనుకున్నాడట. గ్రాహం ఒక్క మాటలో పరిచయం చేసి పక్కకి తప్పుకున్నాడు. హాలు హాలంతా లేచి నిలబడింది, ఆయన ఇంకా ఒక్క తీగ కూడా మీటలేదు. కింగ్‌కి కళ్లనీళ్లు ఆగలేదు. ఏళ్ల తరబడి ఎక్కువగా నల్లవాళ్ల క్లబ్బుల్లోనే వాయించిన మనిషికి కొత్త తరం ముందు అలా తలుపు తెరుచుకుంది. 1970లో జాజ్ ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్‌ని గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బృందంతో కలిపి పెట్టడం కూడా ఇలాంటిదే, జాజ్ వాళ్లకీ రాక్ వాళ్లకీ ఇదేం జత అనిపించింది, జనం మాత్రం విన్నారు.

కార్లోస్ సాంటానా సంగతి కూడా చెప్పాలి. ఊళ్లో అంట్లు తోముకుంటూ గిటారు వాయించే మెక్సికన్ కుర్రాడు, ఒక ఆదివారం మధ్యాహ్నం ఎవరో వాయించలేని స్థితిలో ఉంటే వేదిక ఎక్కాడు. గ్రాహం విన్నాడు, అంతే, ఇక వదల్లేదు. 1969లో వుడ్‌స్టాక్ అనే పెద్ద సంగీతోత్సవం నిర్వాహకులు సాయం కోసం వస్తే, సాంటానా బ్యాండ్‌కి చోటివ్వాలని షరతు పెట్టాడు. అప్పటికి వాళ్ల మొదటి ఆల్బమ్ ఇంకా బయటికి రాలేదు!

1968 మార్చి 8న న్యూయార్క్‌లో సెకండ్ అవెన్యూ మీద ఒక పాత థియేటర్ తీసుకుని ఫిల్మోర్ ఈస్ట్ తెరిచాడు, సుమారు 2,600 సీట్లు. అదే ఏడాది శాన్ ఫ్రాన్సిస్కోలో కూడా పెద్ద చోటికి మారి దానికి ఫిల్మోర్ వెస్ట్ అని పేరు పెట్టాడు. ఈస్ట్‌లో రాత్రికి రెండు షోలు, ఎనిమిదింటికి ఒకటి, పదకొండున్నరకి ఇంకొకటి. టికెట్ మూడు డాలర్ల నుంచి ఐదు దాకా. సౌండ్ ఇంజనీరు బిల్ హాన్లీ చేత హాలుకి తగ్గ సౌండ్ సిస్టమ్ పెట్టించాడు. అప్పటిదాకా చాలా చోట్ల గాయకుడి గొంతు హాలు మైకుల్లోంచి చీదినట్టు వచ్చేది. తెర వెనక జాషువా లైట్ షో వాళ్లు ప్రొజెక్టరు మీద గాజు గిన్నెలు పెట్టి, వాటిలో రంగునీళ్లూ నూనెలూ కలిపి, పాట లయకి తగ్గట్టు చేత్తో ఊపేవాళ్లు. నూనె చుక్క విడిపోతే తెర మీద ఏనుగంత ఎర్ర బుడగ పగిలినట్టు కనిపించేది. కంప్యూటర్ లేదు, రికార్డింగ్ లేదు, ప్రతి రాత్రీ కొత్తగా చేతులతోనే.

గ్రాహం మాత్రం గుమ్మం దగ్గరో, స్టేజి పక్కనో క్లిప్‌బోర్డు పట్టుకుని అరుస్తూ ఉండేవాడు. ఆయన కోపం గురించి అందరూ చెప్పేదే. టికెట్ లేకుండా దూరేవాళ్ల మీద, ఆలస్యంగా వచ్చే బ్యాండ్ల మీద, ఫోన్లో ఏజెంట్ల మీద. సంగీతం జనానిది, డబ్బెందుకు అని గొడవకి దిగిన కొందరు 1968 చివర్లో ఫిల్మోర్ ఈస్ట్ మీదికి వస్తే తలుపుకి అడ్డంగా తనే నిలబడ్డాడు, ఎవరో గొలుసుతో మొహం మీద కొట్టారు. ముక్కు పగిలినా కదల్లేదు. జిమి హెండ్రిక్స్ అంతటివాడు గిటారుని వీపు వెనక పెట్టి, పళ్లతో మీటి గారడీలు చేసి దిగితే, అన్నీ చేశావు వాయించడం ఒకటి మర్చిపోయావని మొహం మీదే అనేశాడు. హెండ్రిక్స్‌కి మండింది. తర్వాతి షోలో కదలకుండా నిలబడి వాయించి చూపించాడు. ఆ 1970 కొత్త సంవత్సరం షోలు ఆల్బమ్‌గా వచ్చాయి.

1971 జూన్ 27న ఫిల్మోర్ ఈస్ట్, జులై 4న ఫిల్మోర్ వెస్ట్ మూసేశాడు. ఎందుకు మూశాడన్నది కాస్త వివరంగా చెప్పాలి. ప్రొమోటర్, అంటే కచేరీ పెట్టించేవాడి లెక్క ఇలా ఉంటుంది: బ్యాండ్‌కి ఇంత అని ముందే హామీ ఇవ్వాలి, గేటు వసూలు బాగుంటే అందులో వాటా కూడా ఇవ్వాలి. హాలు అద్దె, మనుషులు, పోస్టర్లు అన్నీ తనవే, జనం రాకపోతే నష్టం ఒక్కడిదే. రెండున్నర వేల సీట్ల హాల్లో ఒక రాత్రికి వచ్చేది ఎంతో ముందే తెలుసు. అటు న్యూయార్క్‌లోని పెద్ద ఇండోర్ స్టేడియం మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒక్క షోకే దానికి ఎన్నో రెట్లు వస్తుంటే, ఏజెంట్లు బ్యాండ్లని అటే పంపారు. గ్రాహం బాధతో, కోపంతో పత్రికలో బహిరంగ లేఖ రాసి తలుపులు మూశాడు.

తర్వాత తనే స్టేడియం షోలు చేశాడు కదా అంటారు. చేశాడు. ఓక్లాండ్‌లో 1973 నుంచి డే ఆన్ ది గ్రీన్ పేరుతో, 1974లో బాబ్ డిలన్ టూరు, 1981లో రోలింగ్ స్టోన్స్ అమెరికా టూరు. అక్కడ ఫిల్మోర్ దగ్గరితనం పోయిందన్నది నిజం, నేను కాదనను. కానీ ఆ పెద్ద జనంలోనూ నీళ్లు, మరుగుదొడ్లు, స్టేజి సెట్టు తనే తిరిగి చూసుకునేవాడు. 1976 నవంబరు 25న శాన్ ఫ్రాన్సిస్కోలోని వింటర్‌ల్యాండ్ హాల్లో ‘ద బ్యాండ్’ అనే పేరున్న బృందం వీడ్కోలు కచేరీ పెట్టినప్పుడు, ఆ రోజు థాంక్స్‌గివింగ్ అని, వచ్చిన సుమారు ఐదువేల మందికీ ముందు టర్కీ భోజనం పెట్టించాడు.

1977 జులైలో ఓక్లాండ్‌లో ఇంగ్లండ్ రాక్ బృందం లెడ్ జెప్లిన్ షోలప్పుడు వాళ్ల మేనేజరు పీటర్ గ్రాంట్ కొడుకు డ్రెస్సింగ్ రూమ్ మీది పేరు పలక తీసుకోబోతే గ్రాహం మనిషి ఒకడు వద్దన్నాడు. అంత మాత్రానికే అతన్ని ట్రైలర్లో వేసి రక్తం వచ్చేలా కొట్టారు. మర్నాడు ఇంకో షో ఉంది. మా మీద కేసు పెట్టబోమని రాసిస్తేనే స్టేజి ఎక్కుతామన్నారు. బయట యాభైవేల పైచిలుకు జనం, షో రద్దంటే ఏమవుతుందో తెలుసు. అలాంటి కాగితం కోర్టులో నిలవదని తెలిసి సంతకం పెట్టాడు, షో జరిపించాడు, ఆ మర్నాడు పోలీసులు వచ్చి నిందితుల్ని పట్టుకున్నారు. ఇక ఆ బ్యాండ్‌తో పని చేయనని చెప్పేశాడు. అప్పట్లో ప్రపంచంలో అంతకంటే ఎక్కువ డబ్బు తెచ్చే బ్యాండ్లు ఎన్ని? తన దగ్గర పనిచేసే మనిషి కోసం అంత వదులుకున్నాడు.

1985లో అధ్యక్షుడు రీగన్ జర్మనీలో నాజీ సైనికుల సమాధులున్న బిట్‌బర్గ్ శ్మశానానికి వెళ్తానంటే గ్రాహం పత్రికలో పూర్తి పేజీ ప్రకటన ఇచ్చి, సభ పెట్టి వ్యతిరేకించాడు. కొద్దిరోజులకే ఎవరో ఆయన ఆఫీసుకి నిప్పంటించారు. ఇరవై ఏళ్ల జ్ఞాపకాలు బూడిదయ్యాయి. రెండు నెలలు తిరిగేసరికి, జులై 13న, ఫిలడెల్ఫియాలో ఇథియోపియా కరువు బాధితుల కోసం పెట్టిన లైవ్ ఎయిడ్ కచేరీ వేదిక దగ్గర నిలబడి ఒక బ్యాండ్ తర్వాత ఇంకో బ్యాండ్‌ని నిమిషాల్లో మారుస్తున్నాడు.

మన దేశానికీ ఆయన పని వచ్చింది. మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ కోసం నడిపిన హ్యూమన్ రైట్స్ నౌ టూరు 1988 సెప్టెంబరు 30న ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో ఆగింది. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, స్టింగ్, పీటర్ గాబ్రియెల్, ట్రేసీ చాప్మన్, సెనెగల్ గాయకుడు యూసూ ఎండూర్ ఒకే వేదిక మీద. ఆరు వారాల్లో ఇరవై షోలు, ఐదు ఖండాలు. విమానాలు, వీసాలు, ఒక్కో దేశంలో ఒక్కో రకం కరెంటు, ఆ టెన్షన్ ఎలా ఉండి ఉంటుందో తలుచుకుంటేనే నాకు చెమట పడుతుంది.

మరుసటి ఏడాది రోలింగ్ స్టోన్స్ కొత్త టూరు ఆయన చేతికి రాలేదు. కెనడాకి చెందిన మైకేల్ కోల్ టూరు మొత్తానికీ కలిపి పెద్ద మొత్తం ఇస్తానని ఎగరేసుకుపోయాడు. టికెట్లు, టీషర్టులు, స్పాన్సర్లు అన్నీ ఒకే మూటగా కొనడం. గ్రాహం దాన్నించి తేరుకోవడానికి చాలా కాలం పట్టింది. ఊరూరా తన జనాన్ని ఎరిగిన ప్రొమోటర్ల కాలం అప్పుడే పోవడం మొదలైందని నేననుకుంటాను. ఈరోజు టికెట్ ధర పక్కన సర్వీస్ ఫీజు, ఆ ఫీజు, ఈ ఫీజు అని చూసినప్పుడల్లా ఆ సంగతి గుర్తొస్తుంది.

1991 అక్టోబరు 25 రాత్రి, వానా గాలీ, కాన్‌కర్డ్‌లో హ్యూయీ లూయిస్ కచేరీ నుంచి హెలికాప్టర్‌లో తిరిగొస్తూ వల్లేహో దగ్గర హై టెన్షన్ కరెంటు టవర్‌కి తగిలి గ్రాహం, ఆయనతో ఉన్న ఇద్దరూ చనిపోయారు. అంతకు కొన్నిరోజుల ముందే ఓక్లాండ్ కొండల్లో పెద్ద మంటలు లేచి వేల ఇళ్లు కాలిపోయాయి, ఆ బాధితుల కోసం కచేరీ పెడదామని మాట్లాడటానికే ఆ రాత్రి వెళ్లాడు. నవంబరు 3న గోల్డెన్ గేట్ పార్కులో ఆయన జ్ఞాపకార్థం ఉచిత కచేరీ జరిగితే లక్షల్లో జనం వచ్చారు. గ్రేట్‌ఫుల్ డెడ్, సాంటానా వాయించారు.

ఆయన కంపెనీని తర్వాత 1997లో ఎస్ఎఫ్ఎక్స్ అనే పెద్ద సంస్థ కొంది, అది చేతులు మారి చివరికి కచేరీల వ్యాపారం చేసే లైవ్ నేషన్‌లో కలిసిపోయింది. 1989 భూకంపంలో దెబ్బతిన్న ఫిల్మోర్ మాత్రం 1994లో మళ్లీ తెరుచుకుని ఇప్పటికీ నడుస్తోంది. శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఉన్నవాళ్లు ఏ బ్యాండైనా సరే ఒకసారి వెళ్లండి, షో మొదలవక ముందు మేడ ఎక్కి పోస్టర్ల గోడ చూడటానికి అరగంట ముందే చేరండి. దూరాన ఉన్నవాళ్లు ఆల్‌మన్ బ్రదర్స్ 1971 మార్చిలో ఫిల్మోర్ ఈస్ట్‌లో రికార్డు చేసిన డబుల్ ఆల్బమ్‌తో మొదలుపెట్టండి, తర్వాత అదే నెలలో ఫిల్మోర్ వెస్ట్‌లో గాయని అరీతా ఫ్రాంక్లిన్ పాడిన ఆల్బమ్. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.